చెన్నపట్టణపు ట్రాముబండి

నేను తగరపువలస వాడను. విశాఖపట్టణమునుండి విజయనగరము పోవు రాచబాటపై, గోస్తనీనది యొడ్డున మా యూరున్నది. నది మా ప్రక్కగా పారి భీమునిపట్టణమువద్ద సముద్రమున గలియును. ఉద్యోగకాలమంతయు పిల్లలకు చరిత్ర పాఠములు చెప్పితిని. ఇప్పుడు వయస్సు ఎనుబది దాటినది.

ఈ నడుమ నొక సాయంకాలము నేను సంతనుండి యింటికి వచ్చుచుండగా పరిచితుడైన రైతొకడు నన్నాపి, “మాస్టారూ, విశాపట్నంనుంచి భీమిలిదాకా ట్రాము ఏస్తారంటున్నారు. అదేటండీ, రైలా, బస్సా?” అని యడిగెను. అది రైలును బస్సును గూడ కాదనియు, వీథిలో పట్టాలపై విద్యుత్తుచే నడచు బండి యనియు నాకు దెలిసినంత చెప్పితిని. ఆయన తలయూచి, “అంత మంచిదయితే చెన్నపట్నంలో ఉన్నదాన్ని ఎందుకు తీసేసినారు మరి?” అనెను.

ఈ రెండవ ప్రశ్నకు నేను వెంటనే సమాధానము చెప్పలేకపోయితిని. నలుబది యేండ్లు చరిత్ర చెప్పినవానికి ఆ మాట కొంత సిగ్గు కలిగించెను. ఆనాటినుండి దానినిగూర్చి ఆలోచించి నే గ్రహించిన సంగతులను నేడు మీకు విన్నవించుచున్నాను.

ఆ బండిని నేను కన్నులార చూచినవాడను. 1952వ సంవత్సరపు వేసవిలో మా తండ్రిగారు నన్ను వెంటబెట్టుకొని చెన్నపట్టణమునకు బోయిరి. మా పెదతండ్రిగారు ఆ నగరమున నొక తెలుగు ముద్రణాలయములో అచ్చక్షరములు కూర్చు పనిలో నుండిరి. వాల్తేరులో మెయిలెక్కి మరునాడు సెంట్రల్ స్టేషనులో దిగితిమి. సముద్రమును గాని, హైకోర్టు గోపురములను గాని చూడకమున్నే నా కంటబడిన మొదటి వింత ఆ బండి. వీథి నడుమ ఇనుప పట్టాలపై, ఎద్దు లేక, గుర్రము లేక, పొగ లేక, గంట మ్రోగించుకొనుచు పోవుచుండెను. దాని కప్పుపైనుండి యొక పొడవైన కడ్డీ వాలుగా లేచి, మీదనున్న తీగను తాకుచుండెను. తాకినచోట నప్పుడప్పుడు నీలపు మెరుపు మెరయుచుండెను. నేను జంకి తండ్రిగారి చేయి పట్టుకొంటిని. పెదతండ్రిగారు నవ్వి, “అది ట్రాంబండిరా. రోజూ నన్ను మోసేది అదే” అనిరి. ఆయన కాపురము రాయపేటలో, పని జార్జిటౌనులో.

ఇక ఆ బండి నడచు విధము వినుడు. మన పల్లె బాటలలో ఎడ్లబండ్లు తిరిగి తిరిగి గాడి పడును. గాడిలో బడిన బండి యటునిటు పోనేరదు. కాని దారి తప్పదు, ఎద్దునకును శ్రమ తగ్గును. ట్రాము పట్టా మనుష్యుడు ఉక్కుతో కావలెనని చేసికొన్న గాడియే. రైలుపట్టా నేలపైకి లేచియుండును. ట్రాముపట్టా అట్లు కాదు. దాని తల వీథితో సమముగా నణగియుండును. తలలో నొక సన్నని గాడి యుండును. చక్రపు అంచు ఆ గాడిలో దిగి పోవును. అందుచే జట్కాలు, ఎడ్లబండ్లు, నడచువారు దానిపైనుండియే దాటిపోవచ్చును. ఉక్కు చక్రము ఉక్కుపై దొరలునప్పుడు రాపిడి మిక్కిలి తక్కువ. కంకరబాటపై నొక గుర్రము లాగు బరువునకు కొన్నిరెట్ల బరువును అదే గుర్రము పట్టాపై లాగగలదు. ట్రాముయొక్క మేలంతయు ఈ చిన్న సూత్రముననే యున్నది.

అందువలననే తొలుత ట్రాములను గుర్రములు లాగినవి. మన దేశమున మొదటి ట్రాము 1873వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన కలకత్తాలో సియాల్దా స్టేషనునుండి ఆర్మీనియను ఘట్టము వరకు నడచెను. తగిన ఆదరణ లేక ఆ నవంబరులోనే నిలిచిపోయెను. 1880లో మరల క్రొత్త కంపెనీ చేతిలో లేచెను. బొంబాయిలో 1874 మే 9వ తేదీన గుర్రపు ట్రాములు బయలుదేరినవి. కాని గుర్రము మన యెండకు తాళనేరదు. దానికి మేత కావలెను, సాల కావలెను, విశ్రాంతి కావలెను. పని లేని దినమునను తినవలెను. ఇట్టి చిక్కులచేత ప్రపంచమంతటను వేఱొక బలమును వెదకసాగిరి. జర్మనీలో సీమెన్సు అను నతడు 1881లో బెర్లిను సమీపమున విద్యుత్ ట్రామును నడపి చూపెను. అమెరికాలోని రిచ్‌మండు నగరమున స్ప్రేగు అను నింజనీరు 1888లో ఒక నగరమునకు సరిపడు విద్యుత్ ట్రాము నేర్పాటు చేసెను. ఆ తరువాత నది త్వరలోనే లోకమున వ్యాపించెను.

మన దేశమున విద్యుత్ ట్రాము మొదట నడచిన నగరము కలకత్తా కాదు, బొంబాయి కాదు, మన చెన్నపట్టణమే. 1895వ సంవత్సరము మే 7వ తేదీన అది ప్రారంభమయ్యెను. కలకత్తాకు 1902లోను, బొంబాయికి 1907లోను, ఢిల్లీకి 1908లోను విద్యుత్ ట్రాము లభించెను. లండను నగరమునందే విద్యుత్ ట్రాములు క్రమముగా నడచుటకు 1901 వచ్చెను. ఇంకొక పోలిక చెప్పెదను, మనకు మరింత దగ్గరిది. రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై మొదటి రైలువంతెన తెఱచినది 1900లో. అనగా చెన్నపట్టణపు వీథులలో మెరుపు బండి తిరుగుచున్న అయిదేండ్లవరకును మన విశాఖపట్టణమునుండి ఆ నగరమునకు బోవువాడు గోదావరిని పడవపై దాటవలసియుండెను.

ముందుగా చేసినవాడు ముందుగా పొరబాటును జేయును. చెన్నపట్టణమున తొలుత విద్యుత్తును పైతీగలగుండ గాక నేలక్రిందనుండి తెచ్చిరి. రెండు పట్టాల నడుమ నొక సన్నని చీలిక. దాని క్రింద చిన్న సొరంగము. ఆ సొరంగములో విద్యుత్తు పారు లోహపు కడ్డీలు. బండి యడుగునుండి యొక పలక ఆ చీలికలోనికి దిగి, కడ్డీలను రాచుకొనుచు పోయి, బలమును బండికి అందించును. ఆంగ్లేయులు ఆ పలకను నాగలి యని పిలిచెడివారు. నేలను చీల్చుచు పోవు దానికి అంతకంటె తగిన పేరు లేదు. చూపునకు ఇది సొంపైన పద్ధతి. వీథిలో స్తంభములు లేవు, తీగలు లేవు. కాని చెన్నపట్టణము సముద్రపుటొడ్డున చదునైన నేల. కార్తికమాసపు వానలకు ఆ సొరంగములు నీటితో నిండినవి. నీరు చేరినచోట విద్యుత్తు దారి తప్పును. బండ్లు నడివీథిలో నిలిచిపోయినవి. అందుచే కొలది సంవత్సరములకే కంపెనీవారు సొరంగములను విడిచి స్తంభములు నాటి పైతీగలు కట్టిరి. నేను చూచినది ఆ పైతీగల ట్రామునే.

పైతీగ పద్ధతి యిట్టిది. వీథిపై ఎత్తుగా రాగితీగ యొకటి సాగియుండును. ఇట్టి తీగలలో సామాన్యముగా 500 వోల్టులకు అటునిటుగా ఏకముఖ విద్యుత్తు పారుచుండును. బండిపై కడ్డీ కొన నున్న చిన్న చక్రము తీగను అడుగునుండి ఒత్తి పట్టుకొని దొరలుచు విద్యుత్తును గ్రహించును. అది కడ్డీగుండ దిగి, నడుపువాని చేతిక్రింది యంత్రములోనికి వచ్చి, అక్కడనుండి చక్రములను త్రిప్పు మోటారులకు బోయి, తుదకు చక్రములగుండ పట్టాలలో దిగి విద్యుచ్ఛాలకు తిరిగి పోవును. కనుక పట్టా రెండు పనులు చేయును: బండిని మోయును, విద్యుత్తును ఇల్లు చేర్చును. బండికి కావలసిన విద్యుత్తును బొగ్గు కాల్చి పుట్టించు శాల బేసిన్ బ్రిడ్జి యొద్ద నుండెను. పొగ అంతయు నచ్చటనే. వీథిలో పొగ లేదు.

బండి నడుపువానికి చుక్కాని లేదు. త్రిప్పవలసిన పని పట్టాయే చేయును. అతని యెడమచేతి క్రింద నొక పిడి; దానిని మెట్టు మెట్టుగా త్రిప్పినకొలది మోటారులకు బలము హెచ్చును. ఒక్కసారిగా త్రిప్పినచో బండి కుదిపి లేచును, ప్రయాణికులు పడుదురు, మోటారు చెడును. కుడిచేతి క్రింద బ్రేకు చక్రము. పాదము క్రింద గంట. వానలో పట్టా జారునప్పుడు చక్రముల ముందు ఇసుక రాల్చు ఏర్పాటును ట్రాములలో నుండును. దారి చివర బండిని త్రిప్పుట లేదు. నడుపువాడు తన పిడిని ఊడదీసి చేతబట్టుకొని రెండవ కొనకు నడచిపోవును. చీటీలిచ్చువాడు త్రాటితో పైకడ్డీని లాగి, అరచుట్టు త్రిప్పి, వెనుకకు తీగకు తగిలించును. అంతతో వెనుకభాగము ముందుభాగమగును. నేనాపనిని చూచుటకై మా పెదతండ్రిగారిని దారి చివర వరకు తీసికొని పొమ్మని వేడితిని. ఆయన తీసికొని పోయిరి. చీటీలిచ్చువాడు నన్ను చూచి త్రాడు కొన నా చేతికిచ్చెను. పైనున్న మెరుపు నా చేతిలోనికి దిగునేమో యని నేను వణకితిని, దిగలేదు. ఆ త్రాటి మొరకు నాకింకను జ్ఞాపకమున్నది.

ప్రయాణికులకు కనబడువారు ఈ యిద్దరే. కనబడనివారు అనేకులు. పట్టాలు విడిపోవుచోట్ల దారి మార్చువారు, రాత్రి బండ్లు నిలిచిన పిమ్మట గాడిలోని మన్నును గోకి తీయువారు, అఱిగిన పట్టాను కోసి క్రొత్తది వేయువారు, తీగ తెగినచోట నిచ్చెన బండిపై నెక్కి కట్టువారు. ఒక్క రాత్రి వీరు పనిచేయకున్నచో మరునాటి బండికి దారి లేదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు; దీని పని ముందున్నది.

1921 నాటికి చెన్నపట్టణపు ట్రాము ఉచ్చదశలో నుండెను. సుమారు 24 కిలోమీటర్ల దారిపై 97 బండ్లు తిరుగుచుండెను. మౌంటురోడ్డు, ప్యారీస్ మూల, పూనమల్లి రోడ్డు, రాయపురము, మైలాపూరు మొదలైన ప్రదేశములను అది కలుపుచుండెను. రేవులో పనిచేయువారు, కోర్టు గుమాస్తాలు, విద్యార్థులు, పూలమ్మువారు, అందఱు దానిలోనే. ఆ నగరమున మన తెలుగువారి జీవితమును దానితో ముడివడియుండెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రికను 1914లో చెన్నపట్టణమునకు తెచ్చి దినపత్రికగా జేసిరి; జార్జిటౌనులోని తంబుచెట్టి వీథిలో దాని కార్యాలయము. పంతులుగారి యిల్లు శ్రీబాగు మైలాపూరులో; 1937లో కోస్తావారికిని రాయలసీమవారికిని ఒడంబడిక కుదిరినది ఆ యింటనే. 1938 జూను 16వ తేదీన మదరాసు రేడియో కేంద్రము ప్రారంభమై, అక్కడనుండి తెలుగు ప్రసంగములు వినబడసాగినవి. పత్రికలో అక్షరములు కూర్చువారును, వానిని దిద్దువారును, రేడియోలో వీణ వాయించువారును, నాటకములాడువారును కారులు గలవారు కారు. అణా అర్ధణా చీటీతో వారిని పనికి చేర్చినవి ట్రామును బస్సునే. మా పెదతండ్రిగారు చెప్పిన మాట యొకటి కలదు: “ఆ బండిలో చీటీ అడుగుతారు గాని కులం అడగరు.” మా యూరి మనిషి నోట ఆ కాలమున ఆ మాట వచ్చుట సామాన్యము కాదు.

ఇక నిలిచిపోయిన కథ. బస్సులు వచ్చెను. బస్సు పట్టా అడుగదు, తీగ అడుగదు. నిన్న లేని వీథికి నేడు పోగలదు. ముందు బండి యాగినచో ప్రక్కగా తప్పించుకొని పోగలదు. ట్రాము అట్లు కాదు. ఒక్క బండి చెడిన వెనుక బండ్లన్నియు నిలువవలసినదే. ఎక్కువారు నడివీథిలో నెక్కవలెను, దిగువారు నడివీథిలో దిగవలెను. మోటారుకార్లు హెచ్చినకొలది అది ప్రమాదకరమయ్యెను. సైకిలు చక్రము పట్టాగాడిలో జిక్కి పడినవారును కలరు. ఈ లోపములు నిజమైనవి. దాచుట చరిత్రకు ధర్మము కాదు. 1947లో ప్రభుత్వమే నగరమున బస్సులు నడుపసాగెను. అదే సంవత్సరమున విద్యుచ్ఛాలను విద్యుత్ కంపెనీనుండి తాను తీసికొనెను. ట్రాము మాత్రము కంపెనీ చేతిలోనే యుండిపోయి, నష్టములలో మునిగెను. దానిని తన చేతిలోనికి తీసికొనువారు లేకపోయిరి. 1953 ఏప్రిల్ 12వ తేదీతో చెన్నపట్టణపు ట్రాము ముగిసెను. అది ఏబదియెనిమిదేండ్లకు మూడువారములకుపైగా తక్కువ బ్రదికెను.

ఆ తేదీలను మీరు గమనింపుడు. 1952 డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట ఆమరణ నిరాహారదీక్షలో ప్రాణములు విడిచిరి. నాలుగు దినములకు ఆంధ్రరాష్ట్రము నేర్పరచెదమని నెహ్రూగారు ప్రకటించిరి. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. ఈ రెండు తేదీల నడుమనే ట్రాము నిలిచెను. చెన్నపట్టణము మనదా కాదా యని ఇంటింట వాదములు జరుగుచున్న కాలమది.

ఆ వేసవిలో మా పెదతండ్రిగారి యొద్దనుండి జాబు వచ్చెను. మా తండ్రిగారు అరుగుపై గూర్చుండి నలుగురు వినునట్లు చదివిరి. రాష్ట్రమునుగూర్చి యేమి వ్రాసెనో యని అందఱు చెవులొగ్గి వినుచుండిరి. నడుమ నొక్క పంక్తి వచ్చెను: ట్రాము తీసివేసినారు, కొన్నాళ్లుగా నడిచే పోతున్నాను, అని. మా తండ్రిగారు ఆ పంక్తిపై ఆగలేదు. వినువారిలో నెవ్వరు నేమని యడుగలేదు. నేనును అడుగలేదు. త్రాడు కొన పట్టుకొన్న పిల్లవాడను, నాకును అది పెద్దసంగతిగా తోచలేదు. రాయపేటనుండి జార్జిటౌనుకు పోయివచ్చుట దినమునకు మూడుకోసుల నడకకు తక్కువ కాదు. ఏబదియేండ్లు దాటిన మనిషి, దినమంతయు నిలుచుండి సీసపు అక్షరములు కూర్చువాడు. నగరము ఎవ్వరిదని మేము వాదించితిమి. ఆ నగరమున మన మనిషి యెట్లు తిరుగుచున్నాడో చూడలేదు. రైతు అడిగిన ప్రశ్నకు నాకు వెంటనే సమాధానము దోచకపోవుటకు కారణము బహుశః ఇదియే. ఆనాడు అడుగవలసినపుడు నేను అడుగలేదు.

అయితే ట్రాము ఎందుకు పోయెను? బస్సు వచ్చుటచే పోయెనని చెప్పుట సగము సమాధానము. నా బుద్ధికి దోచిన తక్కిన సగము ఇది. బస్సు నడచు రోడ్డు అందఱిది. దానిని పన్నుల సొమ్ముతో ప్రభుత్వమో పురపాలకసంఘమో బాగుచేయును. బస్సు యజమాని పన్ను కట్టుట నిజమే. కాని రోడ్డుకు గుంట పడినచో పార పట్టవలసినవాడు అతడు కాడు. ట్రాము నడచు పట్టా ఒక్కనిది. పట్టా అఱిగినచో కంపెనీయే మార్చవలెను. తీగ తెగినచో కంపెనీయే కట్టవలెను. ఆంగ్లదేశమున 1870 నాటి ట్రాము చట్టమయితే పట్టాల నడుమనున్న వీథిని, ఇరుప్రక్కల జేనెడేసి రెండేసి వీథిని గూడ ట్రాముకంపెనీయే బాగుచేయవలెనని శాసించెను. గుర్రపుడెక్కలు వీథిని త్రవ్విన కాలపు నియమమది. గుర్రములు పోయిన పిమ్మటను అది పోలేదు. ట్రాముకంపెనీ బాగుచేసిన వీథిపై ట్రాముతో పోటీపడు బస్సులు సుఖముగా పరుగెత్తినవి.

సొమ్ము ఎచ్చటనుండి రావలెను? ప్రయాణికుని చీటీనుండి రావలెను. కాని ప్రయాణికుడు బీదవాడు. చెన్నపట్టణమున ట్రాము నిలిచిన మూడుమాసములకు, అదే 1953 జులైలో, కలకత్తా ట్రాముకంపెనీ రెండవ తరగతి చార్జీని ఒక్క పైసా, అనగా అణాలో నాలుగవవంతు, పెంచెను. ప్రజలు చీటీలు కొనమనిరి, నగరమంతయు అల్లకల్లోలమయ్యెను, తుదకు ఆ పెంపు ఆగిపోయెను. పైసా పెంచిన బీదవానికి భారము. పెంచకున్న పట్టాకు చేటు. ఈ రెండింటి నడుమ లాభమునకై నడుచు కంపెనీ యెంతకాలము నిలువగలదు? యుద్ధకాలమున బండ్లకు, పట్టాలకు పని హెచ్చెను. క్రొత్త సామానులు దొరకుట దుర్లభమయ్యెను. ఇట్లు మరమ్మతు వెనుకబడిన బండి మెల్లగా నడచును. మెల్లగా నడచు బండిని జనులు విడిచి బస్సెక్కుదురు. జనులు తగ్గిన సొమ్ము తగ్గును. సొమ్ము తగ్గిన మరమ్మతు మరింత వెనుకబడును. రాత్రివేళ గాడి గోకువారిని జ్ఞాపకముంచుకొమ్మంటిని గదా. వారి కూలిడబ్బులు తగ్గిననాడే ట్రాముకు ఆయువు తగ్గినది. ఏప్రిల్ 12వ తేదీ లెక్క మూసిన దినము మాత్రమే.

ఇది మనకు తెలియని సంగతి కాదు. ఊరిచెరువు విషయమున మనము చూచుచున్నదే. గట్టు త్రొక్కించువాడు, తూము తుడుచువాడు, పూడిక తీయువాడు ఉన్నంతకాలము చెరువు ఉండును. నీరు అందఱు వాడుకొనుచు, గట్టు ఎవ్వరిదో యొక్కనిదని వదలివేసిననాడు, చెరువు ఒక్కవానలో తెగదు. పదియేండ్లు మెల్లగా పూడి, పిమ్మట చెరువే లేదనిపించుకొనును. అప్పుడు జనులు వాన తక్కువైనదందురు.

చెన్నపట్టణమొక్కటియే గాదు. కాన్పూరులో 1933లోను, ఢిల్లీలో 1963లోను ట్రాములు నిలిచినవి. బొంబాయిలో పురపాలకసంఘమువారు 1947లో కంపెనీని కొని తామే నడపిరి. అయినను 1964 మార్చి 31వ తేదీన అక్కడను ముగిసెను. కావున ప్రభుత్వము పుచ్చుకొన్నంతనే బ్రదుకునని చెప్పుటకు వీలు లేదు. కలకత్తాలో ప్రభుత్వము 1967లో నిర్వహణము చేబట్టుటచే ట్రాము దీర్ఘకాలము నడచినది. నూటయేబదియేండ్ల పండుగయు 2023లో జరిగినది. కాని మరుసటియేడే, ఒక్క చిన్న మార్గము దప్ప తక్కినవానిని తీసివేయ దలచినట్లు ప్రభుత్వము ప్రకటించినది. ఇంకొకవైపు ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరము తన ట్రాములను విడువలేదు. నేడు లోకమున పెద్ద ట్రాము వ్యవస్థలలో నది యొకటి. ఫ్రాన్సులోని నాంటు నగరము 1958లో ట్రాములను తీసివేసి, కారుల రద్దీకి తాళలేక 1985లో మరల వేసికొనెను. ఆ వెనుక అనేక నగరములు దాని త్రోవ ద్రొక్కినవి. అనగా బండి చెడ్డది కాదు. దానికి ప్రత్యేకముగా దారి విడిచి, పట్టా మరమ్మతును నగరపు పనిగా నెంచినచోట నది బ్రదికినది. కార్ల నడుమ వదలివేసి, చీటీ సొమ్ముతోనే బ్రదుకుమన్నచోట నశించినది.

ఇక మన సంగతి. విశాఖపట్టణమునకు మెట్రో రైలుతోబాటు ట్రాము మార్గములును వేయవలెనను ప్రతిపాదనలు ఇటీవలి సంవత్సరములలో వచ్చినవి. భీమిలి మాటయు అందులో వినవచ్చినది. అట్టిది వచ్చునేని నేను సంతోషింతును. పెందుర్తినుండి, గాజువాకనుండి, మా తగరపువలసనుండి దినదినము పనికి పోవువారి అవస్థ నేనెఱుగుదును. కాని పెద్దలారా, ఎవరైన వచ్చి పట్టణమునకు క్రొత్తబండి వచ్చుచున్నదని చెప్పినపుడు, దాని రంగెట్లుండును, వేగమెంత యని మాత్రమే యడుగకుడు. మూడు ప్రశ్నలడుగుడు. ఇరువదియేండ్లకు పట్టా అఱిగినపుడు మార్చువాడెవ్వడు? దానికి సొమ్ము ఏ పద్దునుండి వచ్చును? చీటీ వెల కూలివాని చేతికందునా? ఈ మూటికి కాగితముపై సమాధానమున్నచో మేలు. లేనిచో మన మనుమలు ఆ పట్టాలపై తారు పోయుటను చూతురు.

మా పెదతండ్రిగారు మఱి పదునాఱేండ్లు బ్రదికిరి. ఉద్యోగము మానినపిమ్మట తగరపువలసకు వచ్చి మా యింటనే యుండిరి. ట్రాము పోయినందుకు ఆయన ఎవ్వరిని నిందించుట నేను వినలేదు. ఒక్కమారు మాత్రము, నది వంతెనమీద నడచుచు, “ఆ బండి ఆఖరు రోజుల్లో గంట సరిగా మోగేది కాదురా. నాకప్పుడే తెలిసింది” అనిరి. నేనప్పుడు నవ్వితిని. ఆ మాట విలువ తెలియుటకు నాకింతకాలము పట్టినది. మన యూళ్లలో ఏ గంట సరిగా మ్రోగుట మానినదో పెద్దలైన మీరు ముందుగా వినగలరు. వినినవెంటనే నలుగురికి చెప్పుడు.

నన్ను ప్రశ్నించిన రైతునకు రేపు సంతలో ఈ సమాధానమే చెప్పబోవుచున్నాను.